కష్టకాలమున మనోధైర్యము – పంచాయతీ సభ్యుల కర్తవ్యము
(తణుకులో పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



గోదావరి డెల్టా రైతునకు వరదలును తుఫానులును క్రొత్త కావు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహాప్రవాహమును కన్నులార చూచినవారు నేటికిని అనేకులు కలరు. 1996 నవంబరు 6వ తేదీనాటి తుఫాను వేయిమందికి పైగా ప్రజలను బలిగొన్నది. ఏటికావలి కోనసీమలో కొబ్బరితోటలను నేలగూల్చినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వర్షములు చేతికందిన వరిని తడిపినవి.

కూలిన ఇండ్లను, పడిన చెట్లను లెక్కింపవచ్చును. మనిషి లోలోపల పడు బాధను ఏ జాబితాలో వ్రాయగలము? నాటిన కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. అన్నాళ్ళును ఆ కుటుంబము అప్పును, దిగులును మోయవలసియుండును. కావున సహాయము అందిన నాడే కష్టము తీరెనని తలపరాదు.

భయము, దుఃఖము, కోపము పిరికితనమునకు గుర్తులు కావు. ఆపద వచ్చినప్పుడు గుండె దడదడలాడుట, నిద్ర పట్టకుండుట శరీర ధర్మములే. చాలమందికి ఇవి కాలక్రమమున తగ్గును. కష్టమును మానవుడు ఎదుర్కొను రెండు మార్గములను లాజరస్, ఫోక్‌మన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1984లో ప్రకటించిన గ్రంథమున వివరించిరి. సమస్యనే చక్కదిద్దుకొనుట మొదటిది. మనసులోని బాధను ఉపశమింపజేసికొనుట రెండవది. తడిసిన ధాన్యమును ఆరబెట్టుట, నష్టపు జాబితాలో పేరు వ్రాయించుట మొదటి మార్గము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ మార్గము చాలదు. ఆమెకు కావలసినది చెంత కూర్చుండి వినువారు. "ఊరుకో, ఏడవకు" అనుటకంటె మౌనముగా వినుటయే మేలు.

ఇక మీరు చేయదగిన పనులను మనవి చేయుచున్నాము. ముందుగా కౌలుదారు ఇంటికి వెళ్ళుడు. పంట పోయిన బాధ అతనిది, పట్టా మరియొకరిది. మొదట అతడు చెప్పునది వినుడు. పిమ్మట అర్జీ వ్రాయుటలో తోడ్పడుడు. తిండి నిద్రలు మానినవారిని, త్రాగుడునకు మరిగినవారిని, చావు మాట ఎత్తినవారిని ఒంటరిగా విడువకుడు. ఇంటిలోని పురుగుమందును వారికి అందకుండ తాళము వేయించుడు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను నెంబరునకు ఫోను చేసినచో, పగలైనను రాత్రియైనను ఉచితముగా సలహా లభించును. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవానిగా భావింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. అట్టివానికి చికిత్స, ఆదరణ కావలెను, నింద కాదు.

కాలువ గట్టు తెగినప్పుడు ఊరంతయు తట్టలతో పరుగెత్తును. మనసు క్రుంగిన ఇంటికిని ఊరు అటులే కదలిరావలెను. ఆ మొదటి అడుగు మీరు వేయుదురని ఆశించుచున్నాము.