ఊరికే వినిపించిన పాట

సంతలో బెల్లం అమ్మేవాడు ముందుగా ఒక చిన్న ముక్క మన చేతిలో పెడతాడు. ముక్క తిన్న ప్రతివాడూ కొనడు. అయినా అమ్మేవాడు ఆ ముక్కను నష్టంలో వ్రాసుకోడు. ఇంత చిన్న విషయం పాటలు అమ్మే కంపెనీలకు బోధపడడానికి అనేక సంవత్సరాలు పట్టినది. ఆ కథలో రేడియోకు ఒక పాత్ర ఉన్నది. కనుక మేము చెప్పేటప్పుడు కొంత స్వపక్షాభిమానం తొంగిచూస్తే శ్రోతలు మన్నింతురు గాక.

ధ్వనిని పట్టి నిలిపి, తిరిగి పలికించే యంత్రాన్ని ఎడిసన్ 1877లో నిర్మించినాడు. 1912లో ఆయన కంపెనీ 'డైమండ్ డిస్క్' అనే రికార్డును బజారులోకి తెచ్చినది. నాదశుద్ధిలో అది మిన్న అని మెచ్చుకొన్నవారు చాలమంది. కాని ఆ రికార్డును ఎడిసన్ యంత్రం మీదనే వేసుకోవలెను. తక్కినవారిలో చాలమంది రికార్డులలో ముల్లు ప్రక్కలకు కదులుతుంది. ఎడిసన్ రికార్డులో క్రిందికీ పైకీ కదులుతుంది. కాబట్టి ప్రత్యేకమైన అమరిక లేనిదే ఒకరి రికార్డు మరొకరి పెట్టె మీద పలుకదు. పైగా పాడినవారి పేరును మొదట్లో రికార్డు మీద అచ్చువేయలేదు. యంత్రం గొప్పదైనప్పుడు గాయకుడెవరైతేనేమి అన్న ధోరణి అది! విక్టర్ కంపెనీ వారు ఇందుకు సరిగా ఎదురు మార్గం పట్టినారు. ఇటలీ గాయకుడు కరూసో పేరును పత్రికలలో మారుమ్రోగించి, ఆ పేరు మీద రికార్డులనూ యంత్రాలనూ కూడా అమ్ముకొన్నారు. 1929 అక్టోబరులో ఎడిసన్ కంపెనీ రికార్డుల వ్యాపారమే మానుకొన్నది. వస్తువు మంచిదైతే చాలుననుకొనేవారికి ఈ ముగింపు కొంచెం కష్టంగానే ఉంటుంది.

అప్పటికే రేడియో ఇంటింటా ప్రవేశిస్తున్నది. అమెరికాలో 1927లో పది కోట్లకు పైగా అమ్ముడుపోయిన రికార్డులు 1932 నాటికి అరవై లక్షలకు పడిపోయినవి. ఆర్థిక మాంద్యం అందుకు పెద్ద కారణమే. అయినా కంపెనీలు నేరంలో అధికభాగం రేడియో నెత్తిన వేసినవి. ఊరికే వినిపిస్తుంటే డబ్బిచ్చి కొనేవాడెవడు అని వారి వాదం. ఈ రికార్డును రేడియోలో ప్రసారం చేయడానికి అనుమతి లేదు అని రికార్డుల మీదనే అచ్చువేసినారు. పాల్ వైట్‌మన్ అనే వాద్యబృంద నాయకుని వ్యాజ్యంలో 1940లో న్యాయమూర్తి లర్నెడ్ హ్యాండ్ ఈ హెచ్చరిక చెల్లదని తీర్పు చెప్పినారు. రికార్డును అమ్మివేసిన తరువాత దాని వెంట అంత దూరం ఆంక్షలు పంపడానికి వీలులేదని దాని సారాంశం.

కంపెనీల సంగతి ఇట్లుండగా, పాటలు కట్టేవారి సంఘం మరొక పంతం పట్టినది. 1941 నుండి రేడియో కేంద్రాలు ఇంకా ఎక్కువ రుసుము చెల్లించవలెనని 'ఆస్కాప్' అనే ఆ సంఘం కోరినది. కేంద్రాలు ససేమిరా అన్నవి. జనవరి 1 మొదలు ఆ సంఘంవారి పాటలు పెద్ద రేడియో సంస్థల ప్రసారాలలో వినరాలేదు. అప్పుడు రేడియోవారు ఏమి వేసినారు? హక్కుల కాలం తీరిన పాత పాటలు వేసినారు. 1939లో తామే స్థాపించుకొన్న 'బి.ఎం.ఐ.' సంస్థలో చేరిన కొత్తవారి పాటలు వేసినారు. పాత సంఘం గుమ్మం ఎక్కనివ్వని పల్లెపాటల కర్తలు, నీగ్రో జాతి స్వరకర్తలు అనేకులు ఆ దారిన శ్రోతలకు పరిచితులైనారు. ప్రఖ్యాతుల పాటలు వినబడకపోయినా జనం రేడియో కట్టివేయలేదు. పది నెలలు గడిచేసరికి సంఘం దిగివచ్చి, కోరినదానికన్న చాల తక్కువకు ఒప్పుకొన్నది.

ఈ పాఠాన్ని అందరికన్న చక్కగా అందుకొన్నది 1942లో కాలిఫోర్నియాలో పుట్టిన క్యాపిటల్ కంపెనీ. అది చిన్నది. తన రికార్డులను రేడియో కేంద్రాలలో పాటలు వేసే ప్రకటనకర్తలకు అదే ఉచితంగా పంపసాగినది. ఇతరులు 'వేయరాదు' అన్నచోట 'దయచేసి వేయండి' అన్నమాట. 1955లో బ్రిటిషు సంస్థ ఇ.ఎం.ఐ. ఆ కంపెనీని కొనేనాటికి అది అమెరికాలోని పెద్ద కంపెనీల సరసన కూర్చున్నది.

మన దేశంలో ఈ నాటకం వేరొక విధంగా నడిచినది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాభిమాని. ఆయన హయాంలో ఆలిండియా రేడియోలో సినిమా పాటలకు కాలం కుదించినారు. పాట ఏ చిత్రంలోనిదో చెప్పడం ఆ చిత్రానికి ప్రకటన అవుతుందని, చిత్రం పేరు చెప్పడం కూడా మానినారు. నిర్మాతలకు కోపం వచ్చినది ఇక్కడనే! పాట ఇచ్చేది పేరు కోసమే కదా. పేరు లేని పాట వారికెందుకు? అనుమతులు వెనక్కు తీసుకొన్నారు. సముద్రానికి ఆవల కొలంబోలో రేడియో సిలోన్ ఉన్నది. ఒక దంతధావన కంపెనీ ఖర్చుతో 1952 డిసెంబరులో అక్కడ బినాకా గీత్‌మాలా మొదలైనది. అమీన్ సయానీ కంఠం దేశమంతటా మ్రోగినది. మన తెలుగువారికి ఆ కేంద్రమంటే మీనాక్షి పొన్నుదురై గారి కంఠం. సంగీతం గురించి కేస్కర్ గారి ఆందోళన తేలికగా కొట్టివేయదగినది కాదు. కాని శ్రోత చేతిలో ఒక మర ఉన్నది. దానిని త్రిప్పవద్దని శాసించడం ఎవరి తరం? 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టినది. 1967 నవంబరు 1 నుండి అందులో వ్యాపార ప్రకటనలు కూడా వచ్చినవి.

అయితే వినిపించడమే లాభమని తేలిన తరువాత మరొక రోగం పుట్టినది. తమ పాటనే వేయవలెనని కంపెనీలు రేడియో ప్రకటనకర్తలకు లంచాలివ్వసాగినవి. 1959-60లలో అమెరికా కాంగ్రెసు దీనిమీద విచారణ జరిపి, రహస్యపు సొమ్ము తీసుకొనడం నేరమని 1960లో చట్టం చేసినది. రాక్ సంగీతానికి ఆ పేరును ప్రచారంలోకి తెచ్చిన అలన్ ఫ్రీడ్ 1962లో తప్పు ఒప్పుకొని 300 డాలర్ల జరిమానా కట్టినాడు. జరిమానా స్వల్పమే. పోయినది శ్రోత నమ్మకం. ఈ పాట బాగున్నదని ఇతడు వేస్తున్నాడా, సొమ్ము ముట్టినదని వేస్తున్నాడా అన్న సందేహం ఒకసారి కలిగితే, ఊరికే వినిపించిన పాటలో పరిచయమన్నది ఉండదు, ప్రకటనే మిగులుతుంది. ఈనాటి ఫోను తెరమీద మనం ముందుగా చూచే పాట అక్కడికెట్లు వచ్చినదన్న ప్రశ్న కూడా ఇటువంటిదే.

ఈ కాలపు కథ మన దేశంలోనే ఉన్నది. ఫిలిప్స్ కంపెనీ 1963లో కాసెట్టును తెచ్చి, కొలతలు పాటిస్తే చాలునని ఇతర తయారీదార్లకు రుసుము లేకుండానే అనుమతి ఇచ్చినది. ఆ కాసెట్టు మీద ఎదిగినవాడు గుల్షన్ కుమార్. ఆయన స్థాపించిన టీ-సిరీస్ కంపెనీ తన పాటలను అనుమతి లేకుండా చూపుతున్నదని 2007లో యూట్యూబు మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసినది. 2011లో రాజీపడినది. తరువాత తానే అక్కడ పాటలు ఉంచసాగినది. 2019 మే నెలలో పది కోట్ల చందాదారులను మొట్టమొదట దాటిన యూట్యూబు చానలు ఆ కంపెనీదే. చందాదారులంటే సొమ్ము కట్టేవారని కాదు, ఊరికే వినేవారు. సొమ్ము ప్రకటనల నుండి వస్తుంది.

ఆ సొమ్ములో పాట వ్రాసినవాడికి, స్వరం కట్టినవాడికి ఏమి దక్కుతుంది? కంపెనీ తలుపు తెరచి ఖాతాదారులను సంపాదించుకొన్నది, బాగున్నది. కాని ఊరికే పంచిన బెల్లం చెరకు పండించినవాడిది కూడా. అమెరికాలో మామూలు రేడియో కేంద్రాలు పాట కట్టినవారికి రుసుము ఇస్తవి. రికార్డులో పాడినవారికి ఇవ్వనక్కరలేదు. వినిపించడమే మీకు ప్రతిఫలం అని వారితో ఇన్నేళ్లుగా చెబుతున్నారు. మన దేశంలో 2012 నాటి కాపీరైటు చట్ట సవరణ గీతరచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా ఉంచినది. దానిని కంపెనీకి ధారపోయించుకొనడం చెల్లదన్నది. ఆ తరువాత కూడా ఎఫ్.ఎం. కంపెనీలు వివాదం మానలేదు. రికార్డును ప్రసారం చేసినప్పుడు సైతం రచయితకు, స్వరకర్తకు రాయల్టీ చెల్లించవలసినదే అని బొంబాయి హైకోర్టు 2023 ఏప్రిల్‌లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది.