గ్యాస్ బావిలోకి నీళ్లొస్తే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం మీద నేను చేసే పనేమిటో చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. జుక్కల్ నుంచి ఎటు పోయినా సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా మా పని తెలియడానికి సముద్రం అక్కర్లేదు, బోరుబావి చాలు. కొత్త బోరుకు పెద్ద మోటారు బిగించి ఒక్కసారే గుంజితే ఏమవుతుందో మన రైతులకు తెలుసు. ముందు ధారగా నీళ్లు, తర్వాత ఇసుక, బురద. గ్యాస్ బావిదీ దాదాపు అదే కథ. కాకపోతే మనం ఇక్కడ నీళ్లు పడాలని మొక్కుతాం, అక్కడ నీళ్లు కనబడితే గుండె జారుతుంది.

మన తెలుగు తీరం సంగతే చెబుతాను. కాకినాడకు ఎదురుగా బంగాళాఖాతంలో, కేజీ-డి6 బ్లాకులో రిలయన్స్ 2002లో గ్యాస్ కనుక్కుంది. 2009 ఏప్రిల్‌లో ధీరూభాయ్-1, 3 క్షేత్రాల నుంచి ఉత్పత్తి మొదలైంది. అక్కడ బావుల తలలు నీటిపైన ఉండవు, సముద్రపు అడుగునే ఉంటాయి. గ్యాస్ గొట్టాల్లో గాడిమొగ టెర్మినల్‌కు వచ్చి, అక్కడి నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా పోయేది. 2010లో బ్లాకు మొత్తం మీద రోజుకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లు వచ్చింది. 8 కోట్లకు చేరాలని ప్రణాళిక. చేరలేదు సరికదా, 2013 చివరికి ఆ ఆరులో మూడో వంతు కూడా మిగల్లేదు. నీళ్లు, ఇసుక చేరి బావులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అనుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భం అనుకున్నట్టు లేదని కంపెనీ వాదించుకున్నాయి. ఆ తగవు మధ్యవర్తుల దాకా పోయింది. తీర్పు చెప్పడం నా పని కాదు. ఆ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి, కృష్ణా జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు మాత్రం ఖాళీగా నిలబడ్డాయి. 2012లో కరెంటు కోతలతో మన పొలాల్లో మోటార్లు ఆగిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. దానికున్న కారణాల్లో ఈ కొరత ఒకటి.

గ్యాస్ భూమిలో గుహల్లో ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండేది ఇసుకరాయి సందుల్లో. చాలాచోట్ల దాని కింద నీళ్లుంటాయి. గ్యాస్ తీసేకొద్దీ ఒత్తిడి తగ్గి ఆ నీళ్లు పైకెక్కుతాయి. గొట్టంలో నీళ్లు నిలబడితే ఆ బరువుకు గ్యాస్ పైకి రాలేదు. సముద్రపు అడుగున చలి, ఒత్తిడి రెండూ ఎక్కువ కాబట్టి గ్యాస్, నీళ్లు కలిసి మంచులా గడ్డకట్టి గొట్టాన్ని మూసేస్తాయి. అలా కాకుండా గ్లైకాల్ కలుపుతూ ఉండాలి. ఒత్తిడి బాగా పడిపోతే కంప్రెసర్లు పెట్టాలి. నీళ్లొచ్చే పొరను బావిలోనే మూసేయొచ్చు, కానీ లోతు సముద్రంలో ఆ పనికి రిగ్గు ఓడ రావాలి. దాని అద్దె వింటే మన పెద్దలు కూర్చుండిపోతారు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది చోక్ వాల్వు తిప్పి బావిని నెమ్మదిగా పారించడం. చూడ్డానికి చిన్న పని. చేయడమే కష్టం, ఎందుకంటే ఆ పూట ఉత్పత్తి తగ్గుతుంది.

నేను పనిచేసిన ఒక చోట (పేరు వద్దులెండి) ఓ రాత్రి ఇసుకను పసిగట్టే మీటరు పెరుగుతూ పోయింది. "నెలాఖరు, లెక్క తప్పొద్దు, తగ్గించకండి" అని ఒడ్డు నుంచి ఫోను. మా షిఫ్టు పెద్ద ఒక తమిళాయన. ఫోను పెట్టేసి, "తగ్గించండి" అన్నాడు. ఆ నెల లెక్క తప్పింది, ఆయన మాట పడ్డాడు. బావి మాత్రం ఇంకో నాలుగేళ్లు గ్యాస్ ఇచ్చింది. ఆయనకు ఎవరూ శాలువా కప్పలేదు.

ధీరూభాయ్-1, 3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో ఆ బ్లాకులోనే 2000 మీటర్లకు మించిన నీటి లోతులో ఆర్-క్లస్టర్ మొదలైంది. 2021లో, 2023లో మరో రెండు క్షేత్రాలు తోడై మళ్లీ రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల దాకా చేరింది. ఈ బావుల్లోకీ నీళ్లొచ్చే రోజుంటుంది.

పిల్లలకు చూపిద్దామని ఒక పాత చోక్ ముక్క తెచ్చి సైన్సు మాస్టారి బల్ల మీద పెట్టాను. టంగ్‌స్టన్ కార్బైడ్‌ది, ఇనుము కన్నా ఎంతో గట్టిది. దాన్ని ఇసుక ఎలా కోసిందో భోజనాలయ్యాక వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. అంచు పదును, జాగ్రత్త.