త్రాగునీటి ధనము: పట్టిక కెక్కని యూరు

(ఒక గ్రంథాలయ సభయందు చేసిన యుపన్యాసము)



ప్రభుత్వ నిధులను గూర్చిన యుపన్యాసమనిన వినువారికి నిద్ర వచ్చునని నే నెరుగుదును. కావున మొదట నీటి సంగతియే చెప్పెదను. 2022వ సంవత్సరము ఆగస్టు నెలాఖరున అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమునకు రాజధానియగు జాక్సను నగరమందు సుమారు లక్షయేబదివేల జనమునకు కొళాయి నీరు కరవయ్యెను. పెరల్ నది పొంగినది. అంతకుమున్నే శిథిలమై యున్న నీటి శుద్ధికేంద్రము చతికిలబడినది. త్రాగుమాట యటుండ, మరుగుదొడ్డిలో పోయుటకు సైతము నీరు లేకపోయెను. అంతటి ధనిక దేశమున, ఒక రాజధానిలో! ధనము లేక యిట్లయ్యెనా, లేక యున్న ధనమును పంచు పద్ధతివలన నయ్యెనా? న్యాయవాదినగుటచే నాకు రెండవ ప్రశ్నయే ముఖ్యముగ దోచుచున్నది.

ఆ దేశమున త్రాగునీటి శాసనము 1974లో పుట్టినది. ప్రమాణములను విధించుట ఫెడరల్ ప్రభుత్వపు వంతు. అమలు జరుపుట చాలవరకు రాష్ట్రముల వంతు. ఆజ్ఞతోపాటు ధనము కూడ ఉండవలదా? 1996లో శాసనమును సవరించి యొక నిధిని గల్పించిరి. దీనిని తిరుగుడు నిధి యనవచ్చును. ఫెడరల్ ప్రభుత్వము ఏటేట రాష్ట్రమునకు గ్రాంటు నిచ్చును. రాష్ట్రము సామాన్యముగా నూటికి 20 చొప్పున తన సొమ్ము కలుపును. ఆ మొత్తమునుండి యూళ్లకు తక్కువ వడ్డీకి అప్పులిత్తురు. తీరిన యప్పు మరల నింకొక యూరికి అప్పుగా పోవును. మన సహకార పరపతి సంఘముల నెరిగినవారి కిది క్రొత్తగా దోపదు.

ఏ రాష్ట్రమున కెంత? పర్యావరణ సంరక్షణ సంస్థవారు నాలుగేండ్ల కొకమారు దేశమందలి నీటిపనుల యవసరములను లెక్కింతురు. 2023లో వెలువడిన లెక్కలో ఇరువదియేండ్ల యవసరము 62,500 కోట్ల డాలర్లని తేలినది. అందు రాష్ట్రపు పాలెంతయో గ్రాంటులో పాలును అంతయే. ఎంత చిన్న రాష్ట్రమునకైనను నూటికొకటికి తగ్గదు. వినుటకు న్యాయముగనే యున్నది. కాని లెక్కయే తప్పినచో? 2021నాటి శాసనము సీసపు గొట్టములను మార్చుటకై ఐదేండ్లకు 1,500 కోట్ల డాలర్లు కేటాయించినది. సీసము పసిబిడ్డల మెదడును చెరుచు విషము. 2014 తరువాత ఫ్లింటు నగరమున జరిగినది లోకమెరుగును. ఇట్టి ధనమును మొదటి యేట సీసపు గొట్టములెన్ని యను ప్రశ్న వేయకయే పాత సూత్రము ననుసరించి పంచిరి! పిమ్మట వచ్చిన 2023నాటి యంచనాలో దేశమున తొంబదిలక్షలకు పైబడి గొట్టములున్నవనియు, పదునొకండు లక్షలకు మించి ఫ్లోరిడాలోనే యున్నవనియు చెప్పిరి. 2024లో ఆ సంస్థ తనిఖీ విభాగమువారే కొన్ని రాష్ట్రముల యంకెలు సరిచూడబడలేదని యాక్షేపించిరి. నేలలోని గొట్టము నెవరు చూచిరి? చూడకయే వేసిన యంకెనుబట్టి కోట్లు కదలినవి.

ఇక రాష్ట్రము చేతికి వచ్చిన ధనము సంగతి. గ్రాంటులో నూటికి 31 వరకు అప్పులతో నిమిత్తము లేకుండ ముందుగనే విడదీసికొనుటకు రాష్ట్రమునకు హక్కు గలదు: నిర్వహణమునకు 4, పదివేల జనమునకు మించని చిన్న యూళ్లకు సాంకేతిక సహాయమునకు 2, రాష్ట్రపు పర్యవేక్షణ శాఖకు 10, నీటిమూలముల రక్షణ మొదలగు స్థానిక కార్యములకు 15. విడదీసి తీరవలెనను నిర్బంధము లేదు. ఎంత విడదీసిన అంత అప్పులకు తగ్గును గనుక కొందరు వెనుదీయుదురు. నా మట్టునకు, ఆ చిన్న రెండు పాళ్లే మిగిలిన యన్నిటికంటె విలువైనవి. ఏలనో చెప్పెదను.

రాష్ట్రము ఏటేట వినియోగ ప్రణాళిక నొకదానిని ప్రకటింపవలెను. అందొక ప్రాధాన్య పట్టిక యుండును. ఆరోగ్యమున కెక్కువ యపాయమున్నచోటికి, శాసనమును పాటించుటకు అవసరమైన పనికి, నీటిపన్ను భరింపలేని కుటుంబములున్న యూరికి ముందు ఈయవలెనని శాసనపు మాట. అయితే ఆ పట్టికలో పేరెక్కవలెనన్న దరఖాస్తు పెట్టుకొనవలెను. దరఖాస్తునకు ఇంజనీరు వేసిన నకళ్లు, ఖర్చుల యంచనా, అప్పు తీర్చగలమను ఋజువు కావలెను. ఆ దేశమందలి సుమారు ఏబదివేల నీటిసరఫరా సంస్థలలో అత్యధికము 3,300 మందికి మించి నీరందించునవి కావు. అట్టి యూరిలో ఇంజనీరెక్కడ? గుమాస్తా యొక్కడే, వాడే పంపు త్రిప్పును, వాడే రసీదు వ్రాయును. చెడునీరు త్రాగు యూరే కాగితము వ్రాయలేని యూరగుట తరచు. అవసరము ననుసరించి పంచెదమన్న ధనము, అవసరమును వ్రాయగలవారి యొద్దకు పోవుచున్నది!

అప్పుల ధనములో నూటికి 15కు తక్కువ కాకుండ చిన్న సంస్థలకే యని శాసనము చెప్పుచున్నది. కాని అర్హమైన పనులున్నంతవరకే యను షరతు వెంటనే తగిలించినది. బీదయూళ్లకు అసలు మాఫీ చేయవచ్చును. 2021 శాసనపు ధనములో సామాన్య భాగమునను, సీసపు భాగమునను నూటికి 49 వంతున అట్టి యూళ్లకు తిరిగి తీర్చనక్కరలేని రీతిగ నీయవలెననియు నున్నది. మంచిదే. కాని ఏది బీదయూరు? ఆ నిర్వచనము రాష్ట్రముల కప్పగింపబడినది. ఒక గీత కొంచెము జరిపిన ఒక యూరు బీదదగును, వెనుకకు జరిపిన కాదు. ఋణమాఫీకి పరిమితి విధించినచో పెద్ద నగరమున కది యొక మూలకైన రాదు. నిర్వచనము వ్రాయు కలమే నిజమైన ఖజానాతాళము.

జాక్సనుకు మరల వచ్చెదను. ఆ నగరవాసులలో అత్యధికులు నల్లజాతివారు. రాష్ట్రము నిధులలో భేదము చూపినదని 2022 సెప్టెంబరులో ఫిర్యాదు చేయబడినది. 2024 మేలో ఫెడరల్ సంస్థవారు చాలినంత సాక్ష్యము లేదని విచారణ ముగించిరి. నే నా తీర్పును తప్పుపట్టను. ప్రతి కాగితమును వరుసలోనే యుండి, ప్రతి నిబంధనయు పాటింపబడియు ఊరు ఎండిపోవచ్చునని మాత్రమే దానినుండి గ్రహించితిని. తుదకు 2022 డిసెంబరులో అమెరికా శాసనసభ జాక్సనుకై ప్రత్యేకముగ 60 కోట్ల డాలర్లు మంజూరు చేసినది. పట్టిక చేయలేని పనిని ప్రళయము చేయించినది.

వేరొక వింత గూడ కలదు. 2022నుండి శాసనసభ్యులు తమ తమ యూళ్ల పనులకు పేరుపెట్టి యీ నిధినుండియే ముందుగ సొమ్ము తీయసాగిరి. 2023లో ఏటేట ఇచ్చు 112 కోట్ల చిల్లర డాలర్లలో సగమునకు పైగా అట్లు పోయినది. రాష్ట్రములు పంచవలసినది మిగిలిన సగములోపు. ఆ సొమ్ము తిరిగి నిధికి రాదు. పలుకుబడి గల సభ్యుడున్న యూరికి పట్టికతో పనిలేదు.

ఇచట నొక యాక్షేపణ వచ్చును, అది బలమైనదే: బీదయూరికి మాఫీ చేసిన ప్రతి డాలరును అటులనే నిధికి తిరిగి రాదు గదా! అందరికి మాఫీ చేసిన పదియేండ్లకు నిధి యెండిపోవును. నిజము. కావుననే తీర్చగల నగరమునకు అప్పును, తీర్చలేని పల్లెకు దానమును ఈయవలెను గాని, ఇరువురకును కొంచెము కొంచెము పంచుట సమదృష్టి కాదు. దానమునకు ముందు ఇంజనీరును పంపవలెను. ఆ రెండు పాళ్ల విలువ యిదియే: పట్టిక తయారగుటకు ముందే ఆ ధనముతో ఒకరిని పల్లెకు పంపి, బావి పరీక్షించి, దరఖాస్తు వ్రాయించినచో, పట్టిక కెక్కని యూరు పట్టిక కెక్కును.

2021నాటి శాసనపు ఐదేండ్ల కేటాయింపులో కడపటిది 2026. ప్రతి రాష్ట్రమును తన ప్రణాళికను ఖరారు చేయుటకు ముందు ప్రజల యభిప్రాయములను గోరవలెనని శాసనమందే కలదు. ఆ గడువులో వచ్చు కాగితములలో పల్లెల నుండి ఎన్ని, పెద్ద నగరముల ఇంజనీర్ల నుండి ఎన్ని యని యెవరైన లెక్కించిన, రాబోవు పట్టిక యెట్లుండునో ముందే తెలియును.