పాత మోటారుకారు బ్యాటరీ: రోగనిదానము



తర్కమును, వ్యాకరణమును చదువుకొని, జీవితమంతయు బడిపిల్లలకు పాఠములు చెప్పినవాడు మోటారుకారు బ్యాటరీని గూర్చి మాటలాడ బూనుకొనినాడేమని మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. నాకు కారు నడుపుట రాదు. అయినను వైద్యుడు చేయు నిదానమును, పొగను జూచి నిప్పును తెలిసికొను తార్కికుని యనుమానమును, కదలని బండి ముందు నిలిచిన మెకానిక్కునకు గూడ పనికివచ్చునవే. ఇందులకు దృష్టాంతముగా ఒక పాత కారు సంగతి మీకు విన్నవించెదను.

నా శిష్యుడొకడు ఇంగ్లండులో ఉద్యోగము చేయుచు అక్కడనే స్థిరపడినాడు. అతనియొద్ద 1966లో తయారైన ఎమ్.జి.బి. కారు కలదు. అది రెండు సీట్లు మాత్రమే కలిగి, గుడ్డకప్పును మడిచి వెనుకకు వేయుటకు వీలైన చిన్న కారు. ఇట్టివానిని స్పోర్ట్సుకారు లందురు. సంసారమును ఎక్కించుకొని పోవుటకు గాక, సరదాగా తోలుకొనుటకు పుట్టిన బండ్లివి. ఆక్సుఫర్డునకు సమీపమున నున్న ఆబింగ్డన్ పట్టణములో 1962 మొదలు 1980 వఱకు వీనిని తయారుచేసిరి. మొత్తము 5 లక్షలకు పైగా బయటికి వచ్చినవి. వీనిలో నొక విశేషమున్నది. 1974 వఱకు వచ్చిన కార్లలో 12 వోల్టుల బ్యాటరీ ఒకటి యుండుటకు మాఱుగా 6 వోల్టుల బ్యాటరీలు రెండు, సీట్ల వెనుక నేలక్రింద, ఈ ప్రక్క నొకటి, ఆ ప్రక్క నొకటి యుండును. పఱచిన కంబళి నెత్తి, మూత విప్పిననే గాని అవి కానరావు. కంటికి కనబడని వస్తువునకు సంరక్షణ తక్కువ గదా!

ఈ కారునకు మూడేండ్లలో మూడు జతల బ్యాటరీలు వేయవలసి వచ్చినది. శీతకాలపు ఉదయమున తాళము త్రిప్పిన, ఇంజనును త్రిప్పు మోటారు, మన డ్రైవర్లు సెల్ఫు అనునది, మూల్గుచు రెండు చుట్లు తిరిగి నిలిచిపోవును. మెకానిక్కు వచ్చి బ్యాటరీలు పోయినవనును. కొత్తవి వేయగానే కారు బాణమువలె బయలుదేఱును. రెండు మూడు నెలలకు మఱల మూల్గుట మొదలు. నాలుగవ జత కొనవలసిన దినము వచ్చుసరికి ఇల్లాలు కారు నమ్మివేయుమన్నది. బేరగాడొకడు విద్యుత్తు దోషమున్న కారని సగము ధరకు అడిగినాడు. వాడు పైక మిచ్చెదనన్న శనివారమునకు నాలుగు దినములు ముందుగా మా శిష్యుడు నాకు టెలిఫోను చేసి, "పంతులుగారూ, ఈ కార్లకు విద్యుత్తు సామగ్రి చేసిన లూకస్ కంపెనీని ఇక్కడివారు చీకటిరాజ్యపు యువరాజని వేళాకోళము చేయుదురు. నా కారునకును ఆ శాపమే తగిలినట్లున్నది" అని వాపోయినాడు. "నాయనా, వేళాకోళము హేతువు కాజాలదు. బ్యాటరీ పోయినదనుటకు ఋజువేమి?" అని అడిగితిని. "కొత్తది వేయగానే కారు కదలుటయే ఋజువు" అన్నాడు. ఈ ఋజువులోనే మోసమున్నది. దాని సంగతి తరువాత చెప్పెదను.

కారులోని విద్యుత్తు ఏర్పాటును మన పొలము భాషలో చెప్పినచో, బ్యాటరీ నీటితొట్టి, డైనమో మోట. ఇంజను తిరిగినంతసేపు ఫ్యాను బెల్టుచేత డైనమో తిరిగి తొట్టిని నింపుచుండును. సెల్ఫు మాత్రము ఒక్క గ్రుక్కలో నూఱు ఆంపియర్లకు తక్కువ కాకుండ త్రాగును. దీపములన్నియు కలిసి అందులో ఐదవ వంతైనను త్రాగవు. మోటకును తొట్టికిని నడుమ కంట్రోలు బాక్సని యొక పెట్టె కలదు. మోట నిలిచినపుడు తొట్టిలోని నీరు తిరిగి బావిలోనికి జాఱిపోకుండ తలుపు మూయుట, తొట్టి నిండుకొలది మోట వడి తగ్గించుట దాని పనులు. ఇక ముఖ్యమైన మాట: బ్యాటరీనుండి బయలుదేఱిన విద్యుత్తు తన పని ముగించుకొని మఱల బ్యాటరీకే చేరవలెను. పోవుటకు తీగ యున్నది. తిరిగివచ్చుటకు వేఱు తీగ లేదు. కారుయొక్క ఇనుప బాడీయే తిరుగుదారి. దీనినే ఎర్తు అందురు. 1967 చివర వఱకు వచ్చిన ఎమ్.జి.బి.లలో బ్యాటరీ ధనధ్రువమును బాడీకి కలిపిరి. పిమ్మట డైనమోకు బదులు ఆల్టర్నేటరు వచ్చినది. ఋణధ్రువము బాడీకి మాఱినది. ఇది యెఱుగక ఆల్టర్నేటరున్న కారునకు తీగలు తలక్రిందుగా తగిలించినచో దానిలోని డయోడులు క్షణములో మాడిపోవును.

శిష్యుని మల్టీమీటరు ఒకటి తెప్పించుకొమ్మంటిని. బ్యాటరీ వెలతో పోల్చిన నది చిల్లర ఖర్చు. నాడి చూచినట్లు మూడు సమయములందు మూడు మాఱులు కొలువుమంటిని.

మొదటిది, రాత్రియంతయు కారు విశ్రాంతిగా నుండిన పిమ్మట, తెల్లవారుజామున. సీసపు బ్యాటరీలో ఒక్కొక్క గదికి నిండుగా నున్నపుడు 2.1 వోల్టులు, ఆఱు గదులకు 12.6 వోల్టులు. 12.2కు దిగినచో సగమే మిగిలినది. 12 వోల్టుల బ్యాటరీ 12 చూపుచున్నది గదా యని మురియువారు పెక్కుమంది. అది నిండిన తొట్టి కాదు, ఇంచుమించుగా అడుగంటినది. జంట బ్యాటరీలున్నపుడు దేనికది విడిగా కొలువవలెను. ఒకటి 6.3 చూపి, రెండవది 4.2 చూపినచో రెండవదానిలో ఒక గది చచ్చినదని యర్థము. జోడెడ్లలో ఒకటి కుంటిదైనచో మంచియెద్దు బలము గూడ దానితోనే పోవును. అట్టిచో రెండింటిని ఒక్కసారిగా మార్చుట మేలు. మా శిష్యుని కారులో రెండును 6.3 చూపినవి. తొట్టి నిండుగానే యున్నది. అయినను సెల్ఫు మూల్గుచున్నది! నిదానములో ఇట్టి వైరుధ్యము కనబడుటయే భాగ్యము. రోగము దాగిన చోటునకు దారి అక్కడనుండియే.

రెండవ కొలత ఇంజను చుఱుకుగా తిరుగుచుండగా. 13.8 మొదలు 14.5 వఱకు చూపిన మోట బాగుగా తోడుచున్నట్లు. 13కు లోబడినచో తొట్టికి నీరు చేరుటలేదు; 15 దాటినచో బ్యాటరీలోని నీరు వాయువులుగా విడిపోయి తఱిగిపోవును. మా శిష్యునికి 14.1 వచ్చినది. డైనమో, బెల్టు, కంట్రోలు బాక్సు మూడును ఒక్క అంకెతో నిర్దోషులైనవి. అట్లు రానివారు మొదట బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. అరయంగుళము వంగిన చాలును. పిదప డైనమోలోని కార్బన్ బ్రష్షులు అఱిగినవేమో చూడవలెను. చాలకాలము మూలబడియుండిన డైనమో తనలోని కొద్దిపాటి అయస్కాంతశక్తిని మఱచిపోవుట గూడ కలదు. ఫీల్డు టెర్మినలునకు దాని తీగ విప్పి బ్యాటరీనుండి క్షణకాలము విద్యుత్తు నంటించినచో మఱల జ్ఞాపకము వచ్చును. డైనమో కలవారు మఱవరాని సంగతి మఱొకటి: ఇంజను మెల్లగా తిరుగునపుడు అది ఏమియు తోడజాలదు. దీపములు వెలిగించుకొని పట్టణపు సందడిలో నిలిచి నిలిచి పోవువాని బ్యాటరీ, కారు నడచుచుండగానే తఱిగిపోవును. అది రోగము కాదు, దాని స్వభావము.

మూడవ కొలత సెల్ఫు తిరుగుచుండగా. ఇంజను అంటుకొనకుండ కాయిలు తీగ విప్పి, ఒకరు తాళము త్రిప్పుచుండగా మఱొకరు చూడవలెను. బ్యాటరీ నిజముగా నీరసించినదైనచో ఈ సమయమున 9.6కు లోబడి క్రుంగును. మా శిష్యుని బ్యాటరీ టెర్మినళ్లయొద్ద 11 వోల్టులు నిలిచియున్నవి; సెల్ఫుయొద్ద కొలిచిన 8 మాత్రమే. తొట్టినుండి బయలుదేఱిన 11లో 3 దారిలో పోయినవి! కాలువకు ఎక్కడనో గండి పడినదని మీరనుకొందురేమో. గండి కాదు, పూడిక. విద్యుత్తు బయటికి కాఱిపోలేదు. ఇఱుకుదారిలో త్రోసుకొనిపోవుటకే దాని బలము ఖర్చైనది.

ఆ పూడికను అతుకు అతుకుగా వెదకితిమి. మీటరుయొక్క రెండు కొనలను ఒక్కొక్క అతుకునకు ఇటు నటు నుంచి సెల్ఫు త్రిప్పవలెను. మంచి అతుకున దాదాపు సున్నయే చూపును. పోవు తీగమీద మొత్తము అరవోల్టు లోపే పోయినది. బ్యాటరీనుండి బాడీకి వచ్చు ఎర్తు తీగ చివర, బోల్టు క్రింద బిగించిన రాగి వలయమునొద్ద మాత్రము 2.5 వోల్టులు చూపినది! అదియే దొంగ దొరకిన చోటు. లెక్క చూడుడు: ఓములో నలువదవ వంతు అడ్డు చాలును. దీపమునకు పోవు 4 ఆంపియర్లకు ఆ యడ్డు వోల్టులో పదవవంతు మాత్రమే తినును, దీపము మసకబారినట్లైనను తెలియదు. నూఱు ఆంపియర్లు త్రాగు సెల్ఫునకు అదే యడ్డు 2.5 వోల్టులు తినివేయును. దీపములు బాగుగానే వెలుగుచున్నవి గావున అతుకులు మంచివే యనుకొనుట ఇందువలననే తప్పు.

ఇక ఆ ఋజువులోని మోసము. నిప్పున్న చోటనెల్ల పొగ యుండునా? ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. నిప్పునకు పచ్చికట్టె తోడైననే పొగ పుట్టును. పైకి కనబడు హేతువు ప్రక్కన దాగియుండి అసలు పని చేయు ఈ పచ్చికట్టె వంటిదానిని తార్కికులు ఉపాధి యందురు. అన్నంభట్టు తర్కసంగ్రహము చదివినవారికిది తెలిసినదే. మా శిష్యుని కారులో కొత్త బ్యాటరీ నిప్పు వంటిది. పచ్చికట్టె యేదనగా, బ్యాటరీ మార్చునపుడెల్ల మెకానిక్కు ఆ ఎర్తు తీగను ప్రక్కకు వంచి, మఱల లాగి బిగించుట! ఆ లాగుటలో తుప్పుపట్టిన వలయము బోల్టుమీద కొంచెము తిరిగి, ఒక గీటంత లోహము మెఱసి, విద్యుత్తునకు త్రోవ నిచ్చెడిది. నాలుగు వానలు కురియగానే ఆ గీటు మఱల తుప్పుతో మూతపడెడిది. మెకానిక్కు మోసగాడు కాడు. తానే చేయుచున్న చికిత్స తనకే తెలియలేదు. బ్యాటరీ మార్చక తీగను మాత్రము కదలించి చూచియుండినచో మొదటి యేడే నిజము తేలెడిది.

బోల్టు విప్పి, వలయమును, బాడీ రేకును గరుకు కాగితముతో మెఱయునట్లు రుద్ది, బిగించి, పైన వ్యాజలిన్ పూయగా, అక్కడి లోటు వోల్టులో పదవవంతునకు దిగినది. పాత బ్యాటరీలతోనే కారు ఉఱికినది. శనివారమునాడు వచ్చిన బేరగాడు వట్టిచేతులతో మఱలినాడు. అంతకుముందు పాఱవేసిన రెండు జతలు సీసము కరగించు కొలిమికి ఎన్నడో చేరినవి. వానిలో ఎంత ప్రాణ ముండెనో ఇక చెప్పజాలము.

ఇట్టిదే మఱొక చమత్కారము. ఈ కార్లలో ఇంజను రబ్బరు దిమ్మెలమీద కూర్చుండును గావున, దానిని బాడీతో కలుపుటకు అల్లిక రాగిపట్టీ ఒకటి వేయుదురు. ఆ పట్టీ తెగినచో సెల్ఫు త్రాగు విద్యుత్తు మఱొక త్రోవ లేక సన్నని చోకు తీగలోనుండి ప్రవహించును. తాళము త్రిప్పినపుడు ఆ తీగ చేయి కాలునంత వేడెక్కును. విచారింపక చూచినవారికది మాయవలె తోచును.

బ్యాటరీ యెప్పుడును నిర్దోషి యని నా యభిప్రాయము కాదు. 1859లో ఫ్రాన్సు దేశమున ప్లాంటే కనిపెట్టిన నాటినుండి సీసపు బ్యాటరీకి ఒక్కటే పెద్ద శత్రువు: ఖాళీగా వదలివేయుట. ఖాళీయైన పలకలమీద సీసపు గంధకలవణము మొదట మెత్తగా నుండి, వారములు గడచుకొలది గట్టిపడి, తరువాత ఎంత నింపినను కరగదు. సామానుపెట్టెలో 5 వాట్ల దీపమొకటి ఆఱకుండ మిగిలిపోయినదనుకొనుడు. గంటకు 0.4 ఆంపియరు చొప్పున దినమునకు 10. 60 ఆంపియరు గంటల బ్యాటరీ ఆఱు దినములలో అడుగంటును. కారు కదలక నిలిచియున్నపుడు ఎర్తు తీగ విప్పి, నడుమ ఆంపియరు కొలత పెట్టి చూచిన, ఇట్టి దొంగదీపము బయటపడును. ఆ కొలత పెట్టియుండగా మాత్రము సెల్ఫు త్రిప్పరాదు, మీటరు మాడిపోవును.

మన గ్రామములలో స్పోర్ట్సుకారులు లేవుగాని ట్రాక్టరులున్నవి. ట్రాక్టరులో కూడ ఇదే తొట్టి, ఇదే మోట, ఇదే తిరుగుదారి. పైగా దుమ్ము, బురద, ఎరువుల బస్తాల ఉప్పు అదనము. దుక్కి అదనున ట్రాక్టరు మూల్గినదని పట్టణమునకు పరుగెత్తి అప్పుచేసి బ్యాటరీ తెచ్చుటకు ముందు, ఆ మూడు కొలతలు చూపుమని మెకానిక్కును అడుగుడు. కొలువనివాని మాటమీద పైకము పెట్టకుడు. టెర్మినళ్లమీద తెల్లగా, పచ్చగా పూచిన పూతను వేడినీళ్లలో వంటసోడా కలిపి కడుగవచ్చును. గదుల మూతలలోనికి మాత్రము అది పోరాదు. లోపలి ద్రవము తగ్గినచో డిస్టిల్డు వాటరే పోయవలెను, బావినీరు కాదు. ఛార్జి చేయునపుడు బ్యాటరీనుండి ఉదజని వాయువు లేచును. దానికి ఒక్క నిప్పురవ్వ చాలును. పెట్టె బ్రద్దలై ఆమ్లము ముఖముమీద చిమ్మును. కావున చుట్టగాని, బీడీగాని నోటనుంచుకొని బ్యాటరీ దరికి పోరాదు. కంట ఆమ్లము పడినచో వెంటనే చాలసేపు మంచినీళ్లతో కడిగి వైద్యునియొద్దకు పోవలెను. బ్యాటరీని విప్పునపుడు ఎర్తు తీగను మొదట తీసి, తగిలించునపుడు చివర తగిలింపవలెను. ఏలయన, ఎర్తు తీగ ఉండగా రెండవ తీగను విప్పబోయి స్పానరు బాడీకి తగిలినచో, బ్యాటరీలోని బలమంతయు ఆ స్పానరుగుండ ఒక్కసారిగా దూకి, పట్టుకొన్నవాని చేయి కాల్చును.