కారు కంప్యూటరుకూ ఛార్జి అప్పగింత ఉంది
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి, డి.ఏ. బకాయిల గురించి పెద్దలు చెప్పారు. నేను మా పాత కారు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మనలో చాలామంది ఇళ్ళలో అలాంటిది ఒకటి ఉంది గనుక పనికిరావచ్చు.

2008లో రిటైరైనప్పుడు గ్రాట్యుటీ సొమ్ముతో ఆ చిన్న కారు కొన్నాను. 2023 వానాకాలంలో ఒకరోజు సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజను అందుకోలేదు. మెకానిక్కు చూసి, "కంప్యూటరు పోయిందండీ, మార్చాలి" అన్నాడు.

ఈ.సి.యు. అనే ఆ పెట్టె మన ఆఫీసులో హెడ్ గుమాస్తా వంటిది. ఇంజను వేడి ఎంత, గాలి ఎంత వస్తోంది అని సెన్సార్లు నోటు పెడతాయి. వాటిని చూసి పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో అది ఆర్డరు వేస్తుంది.

మెకానిక్కు మాట నమ్మి, 8,500 రూపాయలిచ్చి సెకండ్ హ్యాండ్ పెట్టె కొన్నాను. "రసీదు తీసుకోండి" అని మా ఆవిడ చెప్పినా వినలేదు. ఓచరు లేనిదే బిల్లు పాస్ చేయని నేను చేసిన పని అది! పెట్టె బిగించినా కారు కదల్లేదు. అమ్మినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మూడు వారాలు ఆటో ఎక్కలేక ఫిజియోథెరపీ మానుకుంది. నాకు డబ్బు కన్నా అదే బాధ.

చివరికి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దొరికాడు. ముందు బ్యాటరీ, ఫ్యూజులు, రిలే, ఎర్త్ వైరు వరుసగా చూశాడు. అవన్నీ బాగున్నాయని తేలాకే పాత పెట్టె విప్పాడు. లోపల పచ్చటి చిలుము. ముందు అద్దం రబ్బరు సందులోంచి వాన నీరు దిగిందట. నేను కొన్న పెట్టె మీది పార్టు నంబరు వేరు. పైగా తాళంచెవిలో ఉన్న రహస్య సంకేతాన్ని అది గుర్తించదు. ఎల్.పి.సి. లేకుండా బదిలీ మీద వచ్చిన గుమాస్తాకి జీతం రానట్టే!

అతను సరైన నంబరు పెట్టె తెప్పించి, పాతదానిలోని సమాచారం అందులోకి ఎక్కించాడు. అంటే ఛార్జి అప్పగింత అన్నమాట. నీరు కారే సందు మూసిన తరువాతే బిగించాడు. "లేకపోతే దీనికీ అదే గతండీ" అన్నాడు. కారు వెంటనే అందుకుంది.

కాబట్టి నా మనవి: చిన్నవన్నీ చూశాకే పెట్టె మార్పించండి. పార్టు నంబరు అక్షరం అక్షరం సరిచూడండి. తాళంచెవి సంగతి ముందే అడగండి. విప్పేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. సమాచారం అందులోనే ఉంటుంది గనుక పాత పెట్టె పారేయకండి. రసీదు మాత్రం మరువకండి.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఆవిడ మాట వినండి. ఆమె ఇక్కడే ముందు వరుసలో కూర్చుంది, అందుకే ఇంత ధైర్యంగా ఒప్పుకుంటున్నాను.