మన పుస్తకం మనమే వేసుకుంటే

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా దొరికే గంటా గంటన్నరలో కథలు రాసుకునే ఆడవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. రాసినవి నోటుపుస్తకాల్లోనో, బీరువాలో చీరల అడుగునో ఉండిపోతాయి. పత్రికకు పంపితే వేస్తారో లేదో తెలియదు. పుస్తకం అచ్చు వేయిద్దామంటే డబ్బు కావాలి. వేయించాక ఆ కట్టలు మంచాల కింద పెట్టుకుని కాపలా కాయాలి. ఇప్పుడు కాగితమూ, కట్టలూ లేకుండా పుస్తకం ప్రచురించి, ఫోనులో చదివించి, దాని మీద డబ్బు తీసుకునే మార్గం వచ్చింది. దాన్నే ఈ-బుక్ అంటున్నాం. ఆ మార్గంలో నిజంగా మన చేతికొచ్చేది ఏమిటో, మన చేత చేయించేది ఏమిటో ఈవేళ మాట్లాడుకుందాం.

రాసినవాళ్ళే ప్రచురణకర్తలు కావడం కొత్తేమీ కాదు. 1917లో వర్జీనియా ఉల్ఫ్, ఆమె భర్త లెనార్డ్ ఒక చిన్న చేతి ముద్రణ యంత్రం కొని, రిచ్‌మండ్‌లోని తమ ఇంట్లో భోజనాల గదిలో పెట్టుకున్నారు. అక్షరాలు పేర్చే పని ఆవిడే చేసేది. మన రంగనాయకమ్మగారు స్వీట్‌హోం పబ్లికేషన్స్ పేరిట తమ పుస్తకాలు తామే వేసుకున్నారు. ఇప్పుడు ఆ యంత్రం స్థానంలో కంప్యూటరు వచ్చింది, అంతే తేడా.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో అమాండా హాకింగ్ అనే అమ్మాయి ఉండేది. వికలాంగులకు సేవ చేసే చిన్న ఉద్యోగం. రాత్రిపూట కూర్చుని నవల మీద నవల రాసేది. ప్రచురణకర్తలు ఒక్కటీ తీసుకోలేదు. 2010లో షికాగోలో తనకిష్టమైన బొమ్మల ప్రదర్శన జరుగుతోందని తెలిసి, వెళ్ళడానికి 300 డాలర్లు సంపాదిస్తే చాలనుకుని, ఆ ఏప్రిల్‌లో తన నవలను అమెజాన్ వాళ్ళ కిండిల్‌లో ఈ-బుక్‌గా పెట్టింది. 2011 మార్చి నాటికి ఆమె పుస్తకాలు పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి!

ఇది విని రేపే ఉద్యోగం మానేయమని నేననను. అంత అదృష్టం ఏ కోటికో ఒకరికి. కానీ ఆ అమ్మాయి ఏం చేసిందో చూడటంలో మనకు పనికొచ్చేది ఉంది. వరస నవలల్లో మొదటిదానికి 99 సెంట్లే ధర పెట్టింది. బండి మీద మామిడిపళ్ళు అమ్మేవాడు ఒక ముక్క కోసి రుచి చూపిస్తాడు చూడండి, అలాగన్న మాట. తరువాతి భాగాలకు 2.99 డాలర్లు. ఇందులో లెక్క ఉంది. అమెజాన్ 2010 జూన్ నుంచి, 2.99 డాలర్లకూ 9.99 డాలర్లకూ మధ్య ధర ఉన్న పుస్తకాల మీద రచయితకు 70 శాతం ఇచ్చే పద్ధతి పెట్టింది. అంతకు తక్కువ ధరైతే 35 శాతమే. అంటే 99 సెంట్ల పుస్తకం మీద ఆమెకు దక్కేది సుమారు 35 సెంట్లు, 2.99 పుస్తకం మీద రెండు డాలర్లకు పైచిలుకు. ఒక ఖరీదు పుస్తకం అమ్మితే వచ్చేది, ఆరు చవక పుస్తకాలు అమ్మితే గానీ రాదు. ఇంటిఖర్చులు కాగితం మీద వేసుకునే మనకి ఈ లెక్క ఒకరు నేర్పాలా!

ఇంకొకటి. పుస్తకాల మీద ఇంటర్నెట్‌లో అభిప్రాయాలు రాసే పాఠకులను వెతికి పట్టుకుని, తన పుస్తకాలు వాళ్ళకు తానే పంపింది. వాళ్ళు రాశాకే అమ్మకాలు ఊపందుకున్నాయి. మరి చివరికి ఏమైందనుకున్నారు? 2011లోనే ఒక పెద్ద ప్రచురణ సంస్థకు నాలుగు నవలలు ఇరవై లక్షల డాలర్లకు పైగా ధరకు ఇచ్చేసింది. ఉత్తరాలకు జవాబులు, అట్టల పని, తప్పులు దిద్దేవాళ్ళను వెతుక్కోవడం - వీటితోనే వారమంతా గడిచిపోతోంది, నాకు రాసుకోవడం కావాలి అంది. నాకైతే ఆ అమ్మాయి కథలో అన్నిటికన్నా విలువైనమాట ఇదే అనిపిస్తుంది. సొంతంగా ప్రచురించడమంటే రాయడం ఒక పని కాదు, నాలుగు పనులు. అప్పటికే ఇంట్లో నాలుగు పనులున్న మనిషికి అది తెలిసి ఉండాలి.

ఇక మన తెలుగు సంగతి. 2016 డిసెంబరులో కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టారు. ఆ అయిదింటిలో తెలుగు లేదు! ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకు ఆ రోజు చోటు దొరకలేదని నాకిప్పటికీ గుర్రుగానే ఉంది. అయితే తెలుగులో వేరే దారులున్నాయి. ఉదాహరణకు, 2014లో బెంగుళూరులో మొదలైన ప్రతిలిపిలో తెలుగు ధారావాహికలు బోలెడు వస్తున్నాయి. ఒకప్పుడు వారపత్రిక సీరియల్ కోసం అద్దె పుస్తకాల షాపు దగ్గర నిలబడిన వాళ్ళ కూతుళ్ళు ఇప్పుడు ఫోనులో తరువాయి భాగం కోసం చూస్తున్నారు.

ఒక చిన్న సాంకేతిక విషయం, విసుక్కోకండి. డీటీపీ షాపులో టైపు చేయించేటప్పుడు యూనికోడ్‌లో చేయమని గట్టిగా చెప్పండి. అచ్చు కోసం చాలా చోట్ల అను ఫాంట్లు వాడతారు. అచ్చులో అందంగానే ఉంటుంది గానీ, ఆ ఫైలు తెచ్చి ఫోనులో తెరిస్తే తెలుగుకి బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. అలాగే పీడీఎఫ్ అంటే పేజీకి తీసిన ఫోటో లాంటిది, అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది. ఈపబ్ అనే పద్ధతిలో అయితే అక్షరం పెంచుకున్నా వాక్యం దానంతటదే సర్దుకుంటుంది. చత్వారం వచ్చిన పాఠకురాలికి ఇది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు.

ప్రచారం మాటకొస్తే, బంధువుల్ని నమ్ముకోకండి. "వదినా, నీ పుస్తకం వాట్సాప్‌లో పంపవూ" అంటారు. పంపితే అది పది గ్రూపులు తిరుగుతుంది, కొనేవాళ్ళుండరు. ఆప్యాయంగానే అడుగుతారు పాపం. మొదటి అధ్యాయం మాత్రం పంపి, మిగతాది ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

అసలు విషయానికి వస్తాను. నాకు తెలిసిన ఒకావిడ మూడు నవలలు ఈ-బుక్కులుగా పెట్టారు. ఖాతా తెరిచింది మేనల్లుడు, ఈ-మెయిలు అతనిదే, బ్యాంకు ఖాతా నంబరు కూడా అతనిదే. ఎన్ని ప్రతులు పోయాయి పిన్నిగారూ అని అడిగితే, "ఏమోనమ్మా, వాడు చెప్పలేదు" అన్నారు. అతను మంచివాడే కావచ్చు. అయినా ఈ-మెయిలు, పాస్‌వర్డు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా నాలుగూ మీ పేరనే ఉండాలి. వచ్చేది నెలకు రెండు వందలైనా సరే, అవి ఎక్కడినుంచి వచ్చాయో మీకే తెలియాలి.

హక్కుల విషయమూ అంతే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే అది మీది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, దానికోసం ఎవరికీ డబ్బు కట్టకండి. ఎవరైనా ఒప్పందం పంపితే, ఎన్నేళ్ళకు, ఏయే రూపాల్లో అన్నది చూడండి. ఎన్నేళ్ళో రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగా లెక్కగడుతుంది. "శాశ్వతంగా" అని రాసి ఉంటే మాత్రం సంతకం దగ్గర ఆగండి. అమెరికాలోనే హ్యూ హొవీ అనే రచయిత తన నవల "ఊల్"కు 2012లో అచ్చు హక్కులు మాత్రం అమ్మి, ఈ-బుక్ హక్కులు తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు.

ఆ హక్కు రచయిత్రి తదనంతరం అరవై ఏళ్ళు ఉంటుంది. వీలునామా రాసేటప్పుడు గాజులు ఎవరికి, గొలుసు ఎవరికి అని రాసుకుంటాం కదా, ఆ కాగితంలోనే కథల హక్కులు ఎవరికో, ఆ పాస్‌వర్డు ఏ డైరీలో ఉందో కూడా ఒక ముక్క రాసి ఉంచండి.

సెలవు.