ఆటకు ముందు గుండె దడ



యూరప్‌లో చాంపియన్స్ లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఎక్కువగా మధ్య యూరప్ కాలమానం ప్రకారం రాత్రి తొమ్మిదికి మొదలవుతాయి. మనకప్పుడు అర్ధరాత్రి దాటి పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. అయితే లివర్‌పూల్‌లోనో మ్యూనిక్‌లోనో ఉన్న అభిమానికి ఆ మ్యాచ్ పొద్దున లేవగానే మొదలైపోతుంది. తిండి సయించదు. పని మీద మనసు నిలవదు. ఎవరు ఆడుతున్నారు, ఎవరి కాలికి దెబ్బ తగిలింది అని ఫోన్ తీసి చూస్తూనే ఉంటాడు. పోయినసారి గెలిచినప్పుడు వేసుకున్న జెర్సీనే వెతికి వేసుకుంటాడు. ఇంట్లోవాళ్లకు ఇదంతా చాదస్తంలా కనబడుతుంది. అతని ఒంట్లో మాత్రం నిజంగానే మార్పులు జరుగుతుంటాయి. అవి కొలవగలిగిన మార్పులు.

ముప్పు ఉందని మెదడుకు అనిపించగానే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు వెళుతుంది. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. కడుపులో తిప్పినట్టుండేది అందుకే. కాసేపటికి కార్టిసాల్ అనే మరో హార్మోన్ కూడా పెరిగి, ఒంట్లో ఉన్న చక్కెరను కండరాల కోసం సిద్ధం చేస్తుంది. ఇదంతా పరుగెత్తడానికో పోట్లాడడానికో జరిగే ఏర్పాటు. మైదానంలో ఉన్న ఆటగాడు పరుగెత్తి దాన్ని ఖర్చు చేసుకుంటాడు. సోఫాలో కూర్చున్న అభిమానికి ఆ దారి లేదు. బండికి కట్టిన ఎద్దులను అదిలిస్తూనే పగ్గం బిగించి పట్టుకున్నట్టుంటుంది అతని పరిస్థితి.

ఓడిపోతామన్న భయమే ఇంత పని చేస్తుందా? దీనికి దగ్గరగా వెళ్లిన ప్రయోగం ఒకటి లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో జరిగింది, 2016లో ఫలితాలు వచ్చాయి. కంప్యూటర్ తెర మీద కనబడే రాయి కింద పాము ఉందో లేదో ఊహించి చెప్పాలి. పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాకు తగులుతుంది. ఆడుతున్నవాళ్ల కంటిపాపలనూ చెమటనూ కొలిచారు. షాకు తప్పదని తెలిసినప్పటి కంటే, తగులుతుందో లేదో సగం సగంగా ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా నమోదైంది. తప్పదని తెలిసిన నొప్పికి ఒళ్లు ఎంతో కొంత సర్దుకుంటుంది. ఎటూ తేలని స్థితిని భరించడమే దానికి కష్టం.

2005 మే 25న ఇస్తాంబుల్‌లో జరిగిన చాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను ఈ కోణంలో చూడండి. విరామానికి ఏసీ మిలాన్ మూడు గోల్స్, లివర్‌పూల్ సున్నా. ఆ విరామంలో లివర్‌పూల్ అభిమానులది దుఃఖమే కానీ ఉత్కంఠ కాదని నా అభిప్రాయం. అంతా అయిపోయిందనుకున్నాక దడ కూడా తగ్గుతుంది. ఆ తర్వాత లివర్‌పూల్ తరఫున 54వ నిమిషంలో జెరార్డ్, 56వ నిమిషంలో స్మిచర్, 60వ నిమిషంలో అలోన్సో గోల్స్ కొట్టారు. చచ్చిన ఆశ లేచి కూర్చుంది, దాని వెనకే దడ కూడా. ఇక అక్కడి నుంచి మిగిలిన అరగంట, ఆపైన మరో అరగంట అదనపు సమయం, ఆపైన పెనాల్టీలు. చివరికి లివర్‌పూలే గెలిచింది. గెలిచినవాళ్ల గుండెలు కూడా ఆ రాత్రి ఎంత బరువు మోశాయో ఆలోచించండి.

ఆ బరువు కొందరి ప్రాణం మీదికి వస్తుంది. 1996 జూన్ 22న యూరో పోటీల క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ జట్టు ఫ్రాన్స్ చేతిలో పెనాల్టీలతో ఓడింది. ఆ రోజు నెదర్లాండ్స్‌లో గుండెపోటుతో, పక్షవాతంతో చనిపోయిన మగవాళ్ల సంఖ్య, ముందూ వెనకా రోజులతో పోలిస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉందని పరిశోధకులు లెక్క తేల్చారు. ఆడవాళ్లలో ఆ పెరుగుదల కనబడలేదు. 2006 ప్రపంచకప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు వైద్యులు ఇంకా వివరంగా చూశారు. జర్మనీ ఆడిన రోజుల్లో గుండె సంబంధమైన అత్యవసర కేసులు మామూలు రోజుల కంటే రెండున్నర రెట్లు దాటాయి. మగవాళ్లలో మూడు రెట్లకు పైగా, ఆడవాళ్లలో 1.82 రెట్లు. ఆట మొదలైన తొలి రెండు గంటల్లోనే ఎక్కువ కేసులు వచ్చాయి. అంతకుముందే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లలో ముప్పు నాలుగు రెట్లు. అర్జెంటీనా మీద జర్మనీ పెనాల్టీలతో గెలిచిన మ్యాచ్ కూడా వీటిలో ఉంది. గెలుపోటముల కంటే ఆట సాగుతున్నంతసేపూ పడే ఉద్వేగమే ముఖ్యమని ఆ వైద్యులు రాశారు. అన్ని దేశాల లెక్కలూ ఇలాగే రాలేదు, ఏ పెరుగుదలా కనబడని అధ్యయనాలూ ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి ఈ దడ వల్ల ప్రమాదం చాలా తక్కువ. నా బెంగంతా బీపీ, షుగర్ ఉన్నవాళ్ల గురించి, స్టెంట్ వేయించుకున్నవాళ్ల గురించి, సిగరెట్ మానలేనివాళ్ల గురించి.

మీరు అలాంటివారైతే మ్యాచ్ చూడవద్దని నేను అనను. ఇష్టమైనదాన్ని వదులుకోమనడం వైద్యం కాదు. ఆ రోజు వేసుకోవలసిన మాత్రలు మాత్రం హడావుడిలో మరిచిపోవద్దు. సిగరెట్, మందు, ఉప్పు ఎక్కువున్న చిప్స్ ఈ మూడూ ఉద్వేగంతో కలిస్తే గుండె మీద భారం ఇంకా పెరుగుతుంది. విరామం పదిహేను నిమిషాలుంటుంది, అప్పుడు లేచి నాలుగు అడుగులు వేయండి. దడ మరీ ఎక్కువైతే ఊపిరి మెల్లగా తీసుకుని, తీసుకున్నదాని కంటే నిదానంగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. మన దగ్గర అర్ధరాత్రి మేలుకుని చూసేవాళ్లు సాయంత్రం ఓ గంటన్నా పడుకోవడం మంచిది, నిద్రలేమి కూడా రక్తపోటును పెంచుతుంది. ఇంట్లో అభిమాని ఉంటే "ఒట్టి ఆటే కదా" అని తీసిపారేయకండి. ఆ మాటతో దడ తగ్గదు. పక్కన కూర్చుని ఎవరు ఎవరో అడగండి, చెబుతూ చెబుతూ తేలికపడతాడు.

ఛాతీలో నొక్కేసినట్టు నొప్పి, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు, ఊపిరాడకపోవడం, వీటిని మాత్రం ఆట టెన్షన్ అనుకుని సరిపెట్టుకోవద్దు. గ్యాస్ అనుకోవద్దు. పెనాల్టీలు అయ్యాక చూద్దామని ఆగవద్దు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108కి ఫోన్ చేయండి. చదువుకో ఉద్యోగానికో యూరప్ వెళ్లిన మీ పిల్లలకు అక్కడి అత్యవసర నంబరు 112 అని చెప్పి, ఫోన్‌లో పెట్టుకోమనండి.